వెనక లైటు వెలగలేదా? బల్బు కొనే ముందు ఎర్తు చూడండి

తిరుమల కొండ మీంచి రాత్రిపూట కారులో దిగి వచ్చారా ఎప్పుడైనా? ముందు బండి నెమ్మదిస్తోందని మనకు చెప్పేవి దాని వెనకున్న రెండు ఎర్ర దీపాలే. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగే దారిలో మలుపు మలుపుకీ బ్రేకు తొక్కాల్సిందే. బ్రేకు లైటు వెలగకపోతే మీరు ఆగిన సంగతి వెనకవాడికి తెలిసేసరికి బండి మీద బండి పడుతుంది.

కొండ సంగతి అలా ఉంచండి. తెల్లారుజామున పాకాల, చంద్రగిరి రోడ్ల మీద టమాటా బాక్సులతో, పాలక్యాన్లతో పోయే పాత జీపులు, అంబాసిడర్లు, మారుతీ 800లు చూడండి. ఒక కన్ను వెలిగి ఒక కన్ను మూసుకున్నవి కనబడుతూనే ఉంటాయి. చీకట్లో ఒకే ఎర్ర దీపం కనిపిస్తే వెనక వచ్చేవాడు మోటారుసైకిలు అనుకుంటాడు. పక్కనుంచి దూసుకుపోదామని చూస్తాడు. ప్రమాదం అక్కడే ఉంది. వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరానికి కనబడాలని 1989 మోటారు వాహనాల నిబంధనలు కూడా చెబుతున్నాయి.

"ఏందన్నా, ఎనకాల లైటు ఎలగలేదే" అని ఎవరైనా అంటే మనం చేసే మొదటి పని బల్బు కొనుక్కురావడం. నేనూ అదే చేశాను. నా పాత కారుకు వరుసగా మూడు బల్బులు మార్చాను. తీరా చూస్తే బల్బులన్నీ బాగానే ఉన్నాయి, ఎర్తు బోల్టు కింద తుప్పు!

పాత బండ్లలో బల్బుకు కరెంటు తీగ గుండా వస్తుంది, తిరిగి పోవడానికి బండి ఇనుప బాడీయే దారి. దాన్నే ఎర్తు అంటాం. ఈ దారిలో తుప్పు పట్టినా, హోల్డరులోని ఇత్తడి రేకుకు చిలుము పట్టినా కరెంటు సన్నగిల్లుతుంది. 12 వోల్టుల్లో ఒక్క వోల్టు తగ్గినా వెలుగు పావు వంతు దాకా పడిపోతుంది. పొటాష్, యూరియా సంచులు డిక్కీలో వేసుకుపోయేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రాలిన ఎరువు తేమను లాగి ఇనుమును తినేస్తుంది. సంచులు తగిలి తీగలు ఊడిపోవడమూ మామూలే.

ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా మినుకుమినుకుమంటోందా? బ్రేకు తొక్కితే వెలుగుతున్న లైటు ఆరిపోతోందా? అయితే ఎర్తునే అనుమానించండి. లైటు వేసి ఉంచి, ఒక తీగ ముక్క కొసను శుభ్రమైన చాసిస్ బోల్టుకు, రెండో కొసను హోల్డరు లోహానికి ఆనించండి. బల్బు భగ్గున వెలిగితే తప్పు ఎర్తుదే. ప్లాస్టిక్ హోల్డరైతే ఎర్తు తీగ విడిగా ఉంటుంది, ఆ తీగ కొసకే ఆనించాలి.

బాగుచేయడం కష్టమేం కాదు. లైట్లు ఆపి, బ్యాటరీ ఎర్తు తీగ విప్పండి. ఎర్ర అద్దం స్క్రూలు తీసి, బల్బును లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే ఊడివస్తుంది. హోల్డరు లోపలి గోడను, అడుగున ఉన్న ఇత్తడి రేకులను సన్న ఉప్పుకాగితంతో తళతళలాడేదాకా రుద్దండి. రేకు అణిగిపోయి ఉంటే చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం పైకి లేపాలి. ఎక్కువ వంచితే విరుగుతుంది. ఎర్తు బోల్టు విప్పి కింద రంగు, తుప్పు గీకి బిగించండి. పైన కాస్త వాజలైన్ రాస్తే చెమ్మ చేరదు. అద్దం చుట్టూ ఉండే రబ్బరు చీలి ఉంటే మార్చాలి, లేకపోతే మొదటి వానకే కథ మళ్లీ మొదటికొస్తుంది.

టెయిల్, బ్రేకు రెంటికీ ఒకే బల్బు ఉంటే షాపులో 12 వోల్టు, 21/5 వాట్లదని అడగండి. దాని మేకులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. బలవంతంగా తిరగేసి దూరిస్తే టెయిల్ లైటు బ్రేకు లైటులా మండుతుంది. ఫ్యూజు పోయిందని సిగరెట్టు పెట్టె కాగితం చుట్టే అలవాటు ఇంకా పోలేదు. తీగలు కాలి బండికే నిప్పంటుకోవచ్చు.

ట్రాక్టరు ట్రాలీ ఉన్నవారు ముందుగా ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్యనున్న ప్లగ్గు చూసుకోవాలి. ట్రాలీ విప్పినప్పుడల్లా అది మట్టిలో పడుతుంది కదా.

ఇవన్నీ చేశాక టెయిల్ లైట్లు వెలిగి, బ్రేకు తొక్కితే రెండు వైపులా ఒక్కటీ వెలగలేదంటే బ్రేకు స్విచ్చో, దాని ఫ్యూజో చెడిందన్నమాట. ఫ్యూజు చూడండి. అది బాగుంటే బండిని పగలే మెకానిక్కు దగ్గరికి తీసుకుపోండి.