నాటిన మొక్క వాడినప్పుడు

మొక్కను నాటుట ఒక దినపు పని. దానిని బ్రతికించుకొనుట ఒక సంవత్సరపు పని. 1950లో నాటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిన నాటినుండి వర్షాకాలమున మొక్కలు నాటుట మన విద్యాలయములలో ఆచారమైనది. తెలంగాణలో 2015లో ఆరంభమైన హరితహారము ఈ ఆచారమును ఊరూరికిని విస్తరింపజేసినది. అయినను నాటిన వారము దినములకే ఆకులు వ్రేలాడవేసిన మొక్కను చూచి "ఇక ఇది బ్రతుకదు" అని విడిచిపెట్టువారు కొందరు. బిందెలకొలది నీరు గుమ్మరించువారు మరికొందరు. ఈ రెండును తొందరపాటు పనులే యని మనవి చేయుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొక్క నీటిని గ్రహించునది లావైన వేళ్లతో కాదు. కంటికి కానరాని సన్నని వేరునూగుతో. ఆకులు తమ సూక్ష్మరంధ్రముల ద్వారా ఆ నీటిని ఆవిరిగా విడుచుచుండును. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ పొద్దుతిరుగుడు మొక్కను కుండీతో సహా తూచి, ఇట్లు పోవు నీటిని లెక్కగట్టి 1727లో ప్రకటించెను. నర్సరీ నుండి తెచ్చి నాటునప్పుడు ఈ వేరునూగు చాలవరకు తెగిపోవును. రాబడి తగ్గినను ఆకుల ఖర్చు మాత్రము తగ్గదు. అందుచేత కణములు బిగువు కోల్పోయి మొక్క వాడును. ఇది మరణము కాదు. రాబడికిని ఖర్చునకును పొత్తు కుదరకపోవుట మాత్రమే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. నీరు చాలని మొక్కయు, నీరు ఎక్కువైన మొక్కయు ఒకే తీరున వాడును. పాదులో నీరు నిలిచినచో వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేరు క్రుళ్లును. క్రుళ్లిన వేరు నీటిలో మునిగియున్నను దప్పికతోనే యుండును. అట్టి మొక్కకు మరల నీరు పోయుట అపకారమే యగును. కావున చెంబు చేతబట్టుటకు ముందు వ్రేలిని మట్టిలో రెండంగుళముల లోతునకు గ్రుచ్చి చూడవలెను.

వేళను కూడ గమనింపవలెను. చల్లని కొండసీమలలో పెరుగు హైడ్రాంజియా వంటి పెద్ద ఆకుల మొక్కలు, మట్టి తడిగానున్నను మిట్టమధ్యాహ్నము తలలు వాల్చి, సాయంకాలమునకు తిరిగి తేరుకొనును. దీనికి భయపడనక్కరలేదు, కొంత నీడ కల్పించిన చాలును. తెల్లవారుజామున కూడ వాడియున్న మొక్కకే చికిత్స అవసరము.

మట్టి పొడిగా నున్నచో నీటిని కాండము చుట్టునున్న మట్టిముద్దపై మెల్లగా పోసి, అది ఇంకిన పిదప మరొకసారి పోయవలెను. చుట్టునున్న నేల తడిసినను నర్సరీ మట్టిముద్ద లోపల ఎండియుండుట కద్దు. పడమటి వైపున తాటాకు గాని గోనెపట్ట గాని అడ్డము నిలిపినచో అపరాహ్ణపు ఎండ తగులదు. పాదులో ఎండుటాకులు పరచినచో తడి నిలుచును. అవి కాండమునకు మాత్రము తగులరాదు. మట్టి బురదగా నున్నచో నీరు మాని, పాదునకు గండి కొట్టి నిలిచిన నీటిని తీసివేయవలెను. నల్లరేగడి నేలలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. చెల్క నేలలో నీరు త్వరగా జారిపోవును గనుక కొద్దికొద్దిగా తరచు పోయవలెను.

వాడిన మొక్కకు బలము కొరకని యూరియా వేయుట పెద్ద పొరపాటు. లవణములు చిక్కబడిన మట్టి వేళ్లలోని నీటినే వెలుపలికి లాగును. క్రొత్త చిగురు కనబడువరకు ఎరువు వలదు. మొగ్గలున్నచో త్రుంచివేయుట మేలు. ఆ శక్తి వేళ్లకు దక్కును. ఆకులన్నియు రాలినను మొక్కను పెరికివేయరాదు. గోటితో బెరడును కొంచెము గీరినచో లోపల పచ్చదనము కనబడునేని ప్రాణమున్నదన్న మాట.

నాటునప్పుడే జాగ్రత్త వహించినచో ఈ శ్రమలో సగము తప్పును. ముందునాటి సాయంత్రము సంచిలోని మట్టిని తడిపి, మరునాడు ఎండ తగ్గిన వేళ, ప్లాస్టిక్ సంచిని చింపి తొలగించి, మట్టిముద్ద చెదరకుండ నాటవలెను. సంచిలో ఎంత లోతున నుండెనో గుంటలోను అంతే లోతున నుండవలెను.

తుదకు కళాశాల కమిటీ పెద్దలకును విద్యార్థి సోదర సోదరీమణులకును ఒక విన్నపము. కళాశాలలో జూలైలో నాటిన మొక్కకు అసలు పరీక్ష మనకు పరీక్షలు ముగిసిన పిదపనే వచ్చును. వేసవి సెలవులలో ద్వారములు మూతపడును, నీరు పోయువారుండరు. కావున మొక్కల సంఖ్యను నిర్ణయించుటకు ముందు, ఏప్రిల్, మే నెలలలో నీరు పోయువారి సంఖ్యను లెక్కించుకొందము. ఊరిలోనే యుండు విద్యార్థులు ఇద్దరేసి చొప్పున ఒక్కొక్క మొక్క బాధ్యత వహించినచో, కమిటీవారు సెలవులలో బావికో కుళాయికో దారి తెరచియుంచినచో, నూరు నాటి పది మిగుల్చుకొనుటకంటె ఇరువది నాటి ఇరువదియు నిలుపుకొనగలము.