పాలారు సముద్రంలో కలిసే చోట గుల్లలు, శంఖాలు

వేలూరు, గుడియాత్తం పట్టణాలకు సముద్రం దగ్గరిది కాదు. తీరం చేరాలంటే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అయినా మన ఊళ్ళ నీటికి మాత్రం ఆ దారి ఏనాటి నుంచో తెలుసు. పలమనేరు మీదుగా దిగివచ్చే కౌండిన్య నది మోర్దానా జలాశయాన్ని దాటి, గుడియాత్తం గుండా పారి పాలారులో కలుస్తుంది. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన పాలారు మొత్తం 348 కిలోమీటర్లు సాగి, కల్పాక్కానికి దక్షిణాన వయలూరు వద్ద బంగాళాఖాతాన్ని చేరుతుంది. పల్లవుల వంశావళిని చెక్కించిన రాజసింహుని స్తంభశాసనం దొరికినది కూడా ఆ వయలూరులోనే.

చిత్తూరు సీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలు సెలవు దినాలలో కాంచీపురం, చెంగల్పట్టుల మీదుగా పక్షితీర్థానికీ, అటునుంచి మహాబలిపురానికీ వెళ్ళడం పరిపాటి. తిరుగు ప్రయాణంలో పిల్లల చేతిలో గవ్వల సంచి ఒకటి తప్పక ఉంటుంది. ఆ సంచిలోకి ఏవి రావచ్చు, ఏవి రాకూడదు, ముఖ్యంగా ఏవి వంటింటిదాకా వెళ్ళకూడదు అనేవి తెలుసుకోదగిన విషయాలు.

ఏరడానికి అనువైన వేళ ఆటు సమయం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువగా వెనక్కి తగ్గుతుంది కనుక తడి ఇసుక విశాలంగా బయటపడుతుంది. ఈశాన్య ఋతుపవనాల తుపానుల తరువాత ఒడ్డున గుల్లలు కుప్పలుగా చేరుతాయి. కాని అప్పటికి కెరటాల ఉధృతి తగ్గదు. నాలుగు రోజులు ఆగి వెళ్ళడం మేలు.

దొరికే వాటిని స్థూలంగా రెండు తెగలుగా గుర్తించవచ్చు. నత్తవలె ఒకే గుల్ల చుట్లు చుట్లుగా పెరిగినవి ఒక తెగ. శంఖాలు, గవ్వలు ఇందులోనివి. ఆల్చిప్పవలె రెండు చిప్పలు ఒక కీలు వద్ద కలిసి, తలుపు రెక్కలలాగా తెరుచుకొని మూసుకొనేవి రెండవ తెగ. అల వెనక్కి మళ్ళగానే చటుక్కున ఇసుకలోకి దూరిపోయే చిన్న చిప్పలు ఈ రెండవ తెగవే. చాలా చిప్పల మీద బొంగరంతో తొలిచినట్లు ఒక గుండ్రని రంధ్రం కనబడుతుంది. దండ గుచ్చుకోవడానికి వీలుగా ఎవరో చేసినదని పిల్లలు అనుకొంటారు. అది ఒక జాతి మాంసాహార నత్త చేసిన పని. ఆ నత్త తన పాదంతో చిప్పను పట్టి ఉంచి, ఆమ్లంతో మెత్తబరచి, గరుకైన నాలుకతో గీకి రంధ్రం చేసి, లోపలి జీవిని తినివేస్తుంది. వేటకు గురైన చిప్ప అది.

ఖాళీవైతేనే ఏరుకోవాలి. ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు ఉంటాయి కాబట్టి, తీసిన శంఖాన్ని అరచేతిలో కొంతసేపు కదలకుండా ఉంచి చూడడం మంచిది. శంకువు ఆకారంలో, అందమైన రంగుల అల్లికతో ఉండే కోన్ నత్త ప్రాణంతో దొరికితే అసలు ముట్టకూడదు. అది విషపు ములికిని విసరగలదు. ఈ జాతులలో కొన్నిటి కాటుకు మనుషులు మరణించారు.

దుకాణాల సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో కొన్ని గుల్ల జాతులకు కూడా రక్షణ కల్పించారు. నాటిలస్, ట్రైటన్ శంఖం, ట్రిడాక్నా అనే పెద్ద ఆల్చిప్ప వాటిలోనివి. అలంకారానికైనా వీటిని కొనడం చట్టవిరుద్ధం.

ఇక తమిళులు వలంపురి అనీ, మనం దక్షిణావర్త శంఖమనీ పిలిచే దాని కోసం వేలకు వేలు పోసేవారు ఉన్నారు. మన్నారు సింధుశాఖలో దొరికే పూజా శంఖాన్ని, ఊదడానికి కోసే కొన పైకి, నోరు మన వైపుకు ఉండేటట్లు పట్టుకొంటే నోరు కుడిపక్కన ఉంటుంది. ఎడమపక్కన ఉండేది అత్యంత అరుదు. అయితే అమెరికా తూర్పు తీరంలో పుట్టే వేరొక జాతి శంఖానికి స్వభావసిద్ధంగానే నోరు ఎడమకు ఉంటుంది. అంగట్లో వలంపురిగా చేతులు మారేది చాలా సార్లు అదే. మన శంఖం నోటిలోపల నడిమి కాడ మీద మూడు నాలుగు మడతలు స్పష్టంగా తెలుస్తాయి. అమెరికా శంఖంలో ఆ మడతలు ఉండవు. వేలు పెట్టి తడిమి చూడడానికి ఖర్చేమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తిండి విషయం. నదీముఖాల్లోనూ ఉప్పుకయ్యల్లోనూ జంటచిప్పల గుల్లలు విస్తారంగా దొరుకుతాయి. తమిళంలో మట్టి అనే ఈ గుల్లల మాంసం తీరవాసులకు పాత ఆహారమే. బురదలో చేయి పెడితే చాలు, దొరుకుతాయి. వాటిని సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చి వండుకొందామనే కోరిక సహజం. కాని ఈ జీవి బ్రతికే తీరు వేరు. అది నీటిని లోనికి పీల్చి, అందులోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. నీటిలో ఏమున్నా దాని ఒంట్లో పోగవుతుంది. పాలారు పొడవునా తోళ్ళ శుద్ధి కర్మాగారాల వ్యర్థాలు చేరిన సంగతి వేలూరు పౌరుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల దేశమంతటికీ తెలిసింది. ఏడాదిలో చాలా కాలం ఎండి ఉండే ఈ ఏరు 2021 నవంబరులో వచ్చినటువంటి వరదలప్పుడు తన ఇసుకలోని సమస్తాన్నీ సముద్రం వైపు ఊడ్చుకొని పోతుంది.

రసాయనాల కంటే త్వరగా ప్రాణం తీసేది మరొకటి ఉన్నది. కొన్ని సమయాలలో నీటిలో ఒక రకపు సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి, నరాలను స్తంభింపజేసే విషాన్ని ఉత్పత్తి చేస్తాయి. వాటిని తిన్న గుల్లకు హాని కలగదు. గుల్లను తిన్న మనిషికి కలుగుతుంది. 1981లో మన పాలారు ముఖాన ఉన్న ఆ వయలూరు ప్రాంతంలోనే మెరెట్రిక్స్ కాస్టా అనే గుల్లలను తిని 85 మంది ఆసుపత్రి పాలయ్యారు, ముగ్గురు మరణించారు. ఈ ఉదంతంపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నివేదిక ఇచ్చింది. 1997లో కేరళలోని విళింజం వద్ద ఇటువంటి విషం వల్లనే ఏడుగురు చనిపోయారు.

ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. ఎంత సేపు ఉడికించినా, పులుసులో ఎంత చింతపండు పోసినా విరగదు. ఉడికేటప్పుడు చిప్ప తెరుచుకొంటే మంచిదని మన వంటవారు చెప్పే పరీక్ష చచ్చిన గుల్లను ఏరివేయడానికే పనికివస్తుంది, విషాన్ని కనిపెట్టదు. అందువల్ల మనకు తెలియని నీటిలో మన చేతితో ఏరిన జంటచిప్పలను తినకపోవడమే సరైన పద్ధతి. రొయ్యలు, పీతలు నీటిని ఈ విధంగా వడగట్టి బ్రతికేవి కావు.

గుల్లలు తిన్న అరగంట నుంచి కొన్ని గంటలలోపు పెదవులు, నాలుక, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కితే అది పైత్యమని జీలకర్ర కషాయం కాచుకొని కూర్చోవద్దు. తరువాత మాట తడబడుతుంది, కాళ్ళు పట్టు తప్పుతాయి, చివరకు ఊపిరి ఆడదు. దీనికి విరుగుడు మందు లేదు. కృత్రిమ శ్వాస అందించి విషం దిగేవరకు నిలిపితే రోగి చాలావరకు బ్రతుకుతాడు. అందుకే కాలయాపన పనికిరాదు. 108కు ఫోన్ చేసి వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి తరలించండి. ఏ గుల్లలు, ఎక్కడ ఏరినవి, ఎన్ని గంటలకు తిన్నారు అనేది డాక్టరుకు మొదటే చెప్పండి. మిగిలిన కూరను పారబోయక గిన్నెతో సహా వెంట తీసుకొని వెళ్ళండి. అదే వంట తిన్న మిగతావారికి ఇంకా ఏమీ కాకపోయినా వారిని కూడా తీసుకొని వెళ్ళండి.