వాతావరణ గణితము – రాయలసీమ విద్యాలయములు

కోడుమూరు ప్రాంతపు నల్లరేగడి భూములను నమ్ముకొనిన రైతునకు రెండు భయములు కలవు. వాన రాకుండుట యొకటి; వచ్చి ముంచుట రెండవది. 2009వ సంవత్సరము ఈ రెంటిని వెంటవెంటనే చూపినది. ఆ యేటి నైరుతి ఋతుపవన కాలమున దేశమునందు సగటుకంటె నూటికి 22 వంతులు తక్కువ వర్షము కురిసెను. ఆ కాలము ముగిసిన రెండు దినములకే, అక్టోబరు 2వ తేదీన, తుంగభద్రా హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణమును ముంచివైచెను. ఇట్టి విపరీతములు రాబోవు దశాబ్దములలో పెరుగునా, తరుగునా యను ప్రశ్న ఈ సీమవారికి జీవన్మరణ సమస్య.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకు సాధనమే వాతావరణ నమూనా. భూగోళమును గళ్లుగా విభజించి, ప్రతి గడియందును గాలి, వేడిమి, తేమ ఎట్లు మారునో భౌతికశాస్త్ర సూత్రములచే కంప్యూటరు గుణించును. అమెరికాలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రమువారు 1983లోనే తమ నమూనాను పరిశోధకులందఱికిని విడిచిపెట్టిరి. దాని సంతతియైన సీ.ఈ.యస్.యమ్. ప్రోగ్రామును నేడు ఎవ్వరైనను రుసుము లేక తీసికొని, పంక్తి పంక్తియు చదివి, మార్చి చూడవచ్చును. దీనినే ఓపెన్ సోర్స్ పద్ధతి యందురు. పూణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారును అమెరికాలో పుట్టిన యొక నమూనాను ఆధారముగా గొని, మన ఋతుపవనముల కనుకూలముగా సవరించి, భారతదేశపు తొలి భూవ్యవస్థా నమూనాను నిర్మించిరి.

ఈ మర్యాద మనకు క్రొత్తది గాదు. గ్రహణము ఫలానా ఘడియకు పట్టునని పంచాంగకర్త చెప్పినచో, సిద్ధాంత గ్రంథము తెలిసిన మఱియొకడు స్వయముగా గుణించి తప్పొప్పులు తేల్చగలడు. గణితమును దాచి ఫలితమును మాత్రము నమ్ముమనుట శాస్త్రము గానేరదు.

ఇందువలన కోడుమూరు రైతునకేమి లాభమని కొందఱడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ప్రపంచ నమూనాలలో ఒక్కొక్క గడి సాధారణముగా 100 కిలోమీటర్ల మేర యుండును. అందు కోడుమూరును కర్నూలును వేఱుగా కానరావు. ఫలానా వారము వాన పడునని అవి చెప్పజాలవు. అది దినసూచనల పని. 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గళ్లు 6 కిలోమీటర్లవి. అయినను ప్రపంచ నమూనాల ఫలితమును మన తాలూకా వర్షముతో సరిచూచి, పనికివచ్చు దానిని ఏఱవలసినవారు ఇచటివారే. అందులకు సామగ్రి సిద్ధముగా నున్నది. 1901 నుండి కురిసిన వర్షపు లెక్కలను భారత వాతావరణ శాఖవారు గళ్లవారీగా ఉచితముగా నిచ్చుచున్నారు. డీశాట్ అను సస్య నమూనాయు ఓపెన్ సోర్సే. అందు వేరుసెనగకు ప్రత్యేక భాగము కలదు. విత్తు తేదీని మార్చినచో దిగుబడి యెట్లు మారునో దానిచే అంచనా వేయవచ్చును. బోధనకై రచింపబడిన క్లైమ్‌ల్యాబ్ అను ప్రోగ్రాము సామాన్యపు కంప్యూటరు మీదనే నడచును.

కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము కలదు. ట్రిపుల్ ఐటీ డీ.యమ్. కలదు. ఈ విద్యాలయములు కనీసము ఒక పాఠ్యభాగముగా నైనను ఈ గణితమును బోధించి, విద్యార్థులచే తమ తమ మండలముల వర్షమునే పరిశోధింపజేయవలెను. ప్రోగ్రామునకు వెల లేదు గాని, నేర్పువానికి జీతమును, యంత్రములకు విద్యుత్తును కావలెను. ఆ కొలది ద్రవ్యమును ప్రభుత్వమువారును, విద్యాభిమానులగు భూస్వాములు, వర్తకులును సమకూర్పవలెను. కాలువలకును చెఱువులకును వేలకోట్లు వ్యయము చేయు కాలమున, వానికి రాబోవు నీరెంతయో గుణింపగల యువకులు ఈ జిల్లాలోనే యుండుట అత్యావశ్యకము.