మాత్ర మింగితే విశ్వాసం పోతుందా?

ఆఫ్రికా దేశాలకు రెండేళ్ళకో మూడేళ్ళకో సేవకు బయల్దేరే మన పిల్లలకు వీడ్కోలు కూటంలో శాలువా, కానుకల కవరుతోపాటు ఒక ఉచిత సలహా కూడా అందుతోంది. "మలేరియా మాత్రలూ అవీ పెట్టుకోకు. దోమలు మనకు కొత్తా? అయినా మాత్ర మింగావంటే ప్రభువు మీద నమ్మకం లేనట్టే." ఇదే మాట వాట్సాప్ గ్రూపుల్లో సాక్ష్యం వేషంలో తిరుగుతోంది. వినేవాళ్ళు ఇరవై దాటీ దాటని కుర్రాళ్ళు. అయ్యగారి మాట కాదనలేక, డాక్టరు రాసిచ్చిన మందులు ఇంట్లోనే వదిలేసి విమానం ఎక్కుతున్నారు.

ముందు దోమల సంగతి చూద్దాం. గోదావరి జిల్లాల్లో పొద్దుగూకగానే మూగేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు. బోదకాలు తెచ్చేవి అవి. మలేరియా తెచ్చేది అనాఫిలిస్. దోమకాట్లు ఎన్ని తిన్నా మలేరియాను తట్టుకునే శక్తి రాదు. అది కొంతైనా రావాలంటే మలేరియాయే మళ్ళీమళ్ళీ, ఏళ్ళ తరబడి రావాలి. పాడేరు, అరకు మన్యంలో పుట్టిపెరిగినవాళ్ళలో కొందరికి అది ఉండొచ్చు. వాళ్ళు కూడా పట్నం వచ్చి నాలుగేళ్ళు బైబిలు కాలేజీలో చదివితే అదీ తరిగిపోతుంది. గుంటూరు, ఏలూరు వాళ్ళకు ఆ ప్రశ్నే లేదు.

పైగా ఆఫ్రికాలో రాజ్యమేలేది ఫాల్సిపారం రకం మలేరియా. సరైన మందు సమయానికి పడకపోతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడును, మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియాతో పోయినవారు 5,97,000 మంది. నూటికి 95 మరణాలు ఆఫ్రికాలోనే. వారిలో అత్యధికులు ఐదేళ్ళలోపు పిల్లలు, అంటే ఒంట్లో ఆ శక్తి ఇంకా కూడుకోనివాళ్ళు. ఎంత కండలు తిరిగినవాడైనా సరే, ఈ విషయంలో మనవాడు ఆ పసిపిల్లలతో సమానం.

ఇక వాక్యం. 91వ కీర్తన చూపించేవాళ్ళు మత్తయి 4వ అధ్యాయం కూడా ఒకసారి తిరగేస్తే మంచిది. దేవాలయ శిఖరం మీంచి దూకమంటూ యేసు ముందు ఆ కీర్తనను వల్లించింది ఎవరో అక్కడ ఉంది. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఏం చెప్పాడో, లూకా వృత్తి ఏమిటో సండేస్కూలు పిల్లలను అడిగినా చెబుతారు. మిషనరీ అనగానే ప్రసంగాల్లో ముందుగా వినిపించే డేవిడ్ లివింగ్‌స్టన్ స్వయానా వైద్యుడు. క్వినైన్‌లో విరేచనపు మందులు కలిపి సొంతంగా మాత్రలు చేశాడు. తను మింగాడు, వెంట ఉన్నవాళ్ళ చేత మింగించాడు. ఆయన విశ్వాసాన్ని శంకించిన ప్రసంగం నేనింకా వినలేదు. మలేరియాకు దోమ కారణమని కూడా ఆయన కాలంలో తెలియదు. అనాఫిలిస్ కడుపులో మలేరియా పరాన్నజీవిని వైద్యుడు రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో. నూట పాతికేళ్ళు దాటాక అదే ఊరి నుంచి వెళ్ళేవాళ్ళకు దోమతెర అక్కర్లేదని బోధిస్తున్నాం!

"మూడేళ్ళు మాత్ర ముట్టలేదు, తలనొప్పి కూడా రాలేదు" అని సాక్ష్యం చెప్పేవారు అబద్ధమాడుతున్నారని అనను. కానీ మైకు ముందుకు వచ్చేది తిరిగొచ్చినవాళ్ళే. శవపేటికలో వచ్చినవాళ్ళకు సాక్ష్యం చెప్పే అవకాశం ఉండదు. ఇంకో సంగతి, అక్కడ జ్వరంతో పడిపోతే మోసేదెవరు? మీరు ఎవరికి సేవ చేద్దామని వెళ్ళారో వాళ్ళే. తమ పిల్లలకే చాలని ఆసుపత్రిలో ఒక మంచం మీకు ఇవ్వాలి.

"ఆ మాత్రలతో పిచ్చెక్కుతుందట" అనే మాటను మాత్రం, ఇష్టం లేకపోయినా, పూర్తిగా కొట్టిపారేయలేను. వారానికొకటి వేసుకునే మెఫ్లోక్విన్ కొందరిలో పీడకలలు, దిగులు, అకారణ భయం, లేనివి కనిపించడం వంటివి తెస్తుంది. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అత్యంత తీవ్రమైన హెచ్చరికను తగిలించింది. మూర్ఛ, మానసిక సమస్యలు ఉన్నవాళ్ళకు అది వద్దు. అయితే ఉన్నది ఆ ఒక్క మాత్రేనా? రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్ ఉంది (ఎండకు చర్మం కందిపోవచ్చు, గర్భిణులకు పనికిరాదు). అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఉంది, ఖరీదు ఎక్కువ. ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ అట్ట వేసుకెళ్ళి ధైర్యంగా కూర్చోకండి, ఆఫ్రికాలో చాలాచోట్ల అది పనిచేయడం మానేసి దశాబ్దాలైంది. కనీసం ఆరు వారాల ముందే డాక్టరును కలవండి. మెఫ్లోక్విన్ రాస్తే రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, పడకపోతే మార్చుకునే వ్యవధి ఉంటుంది. ఏ మాత్రా నూటికి నూరుపాళ్ళు కాపాడదు కనుక మందు పట్టించిన దోమతెర కూడా పెట్టెలో ఉండాలి. ఒక జత చెప్పులు తగ్గించుకోండి.

మిగతా ఉచిత సలహాలకు ఇంత ఓపిక అక్కర్లేదు. ఎల్లో ఫీవర్ టీకా పదేళ్ళకోసారి వేయించుకోవాలా? 2016 జులై 11 నుంచి ఆ టీకా పత్రం జీవితాంతం చెల్లుతుంది. టీకా లేకుండా కార్డు కొనుక్కోవడమా? అది దొంగపత్రం, దాన్ని బైబిలు పక్కన పెట్టుకుని తీసుకెళ్ళడం మీ ఇష్టం. హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం (ఇన్స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది, అసలుదే వేయించుకోండి. పత్రం పదో రోజు నుంచే చెల్లుతుంది కనుక ప్రయాణం ముందురోజు పరుగెత్తకండి. టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చన్నది ఏజెంట్ల సువార్త, వెళ్ళే దేశపు రాయబార కార్యాలయాన్ని అడగండి. భాష దేవుడే ఇస్తాడంటారా, తమిళుడైన బిషప్ అజరయ్య దోర్నకల్లులో తెలుగు కూర్చుని నేర్చుకున్నాడు.

తిరిగొచ్చాక మెఫ్లోక్విన్, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు వేసుకోవాలి, విమానం దిగగానే ఆపేయకూడదు. ఆ తర్వాత ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి. ఒకసారి లేదని వచ్చినా మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ చేయించాలి. డాక్టరు అడిగేదాకా ఆగకుండా, ఏ దేశంలో ఎన్నాళ్ళున్నారో మీరే ముందు చెప్పండి. లేకపోతే డెంగీ అనో, వైరల్ జ్వరం అనో రెండు రోజులు గడిచిపోతాయి.