ఆశయు నోర్పును

వేసవి వచ్చెననిన దిల్‌సుఖ్‌నగరము, ఎల్.బి.నగరము ప్రాంతముల గృహములలో ఆవకాయ జాడీలతోబాటు క్రికెట్టు ప్రసంగమును సిద్ధమగును. ఉప్పలు క్రీడారంగము నాగోలు మీదుగా సమీపముననే యుండుటచే సన్‌రైజర్సు జట్టును ఇచటివారు తమ యింటిబిడ్డగనే యెంచుదురు.

2023లో నీ జట్టు పదింట కడపటిదై నిలిచెను. ఆ యాగస్టులో న్యూజీలాండు దేశీయుడగు డేనియల్ వెట్టోరి శిక్షకుడుగా నియమింపబడెను. మరుసటి యేట జంకులేని యాట సాగి, మార్చి 27న ఉప్పలులో ముంబయిపై 277 పరుగులు వచ్చెను. విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 303 పరుగులు చేసి, వర్ధమాన క్రీడాకారుని బహుమతి నందెను. ఇతని సాధనకై తండ్రి యుద్యోగమునే విడిచెను. మే 26న తుదిపోటీలో జట్టు కలకత్తాకు ఓడినను అభిమానుల యాశ తగ్గలేదు. డిసెంబరులో మెల్‌బోర్నున నితీశ్ చేసిన 114 పరుగులు దానిని మఱింత పెంచెను.

2025లో తొలియాటయందే 286 పరుగులు రాగా, 300 ఎన్నడని యందఱు నెదురుచూచిరి. కాని జట్టు ఆఱవ స్థానమున నాగెను. నితీశునకు 182 పరుగులే దక్కెను. నిన్న పొగడిన నోళ్ళే నేడు తెగడెను.

సోదరీమణులారా, ఇది యాటకు మాత్రమే చెందిన మాట కాదు. దిల్‌సుఖ్‌నగరపు వసతిగృహములలో నుండి యుద్యోగపరీక్షలకు చదువు పిల్లలపైనను ఇండ్లవారు ఇట్టి యాశలనే మోపుచున్నారు. ఆశపడుట దోషము గాదు; ఒక్క యేటి ఫలమునుబట్టి బిడ్డకు వెలకట్టుటయే దోషమని మేము తలచుచున్నాము. ఓడి వచ్చిననాడు ముందుగా అన్నము పెట్టి, మార్కుల మాట పిదప నడుగుట మేలు.