కళ్ళు లేని వడ్రంగి

వడ్రంగి పని చేస్తూంటే మీరు చూసే ఉంటారు. అతను ఉలి కింద పెట్టి బరమా అందుకుంటాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అయినా అతను వాటిని కొలుచుకోడు. పనిముట్టు మొన ఎక్కడ ఉన్నదీ అతని కంటికి కనిపిస్తుంది. అది చెక్కకు తగలగానే చేతికి తెలుస్తుంది.

మరి ఈ పనే యంత్రం చెయ్యవలసివస్తే? దానికి చూపూ లేదు, స్పర్శా లేదు. ఉన్నవల్లా అంకెలే!

అంకెలను బట్టి నడిచే కోత యంత్రాన్ని 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ప్రదర్శించారు. అది లోహాన్ని కోసేది. చిల్లులు పొడిచిన కాగితపు టేపు దానికి ఆజ్ఞలు ఇచ్చేది. ఈనాడు బల్ల మీద పట్టేటంత చిన్న యంత్రాలు కూడా వచ్చాయి. వాటిని సి.ఎన్.సి. రౌటర్లు అంటారు. కంప్యూటరు చెప్పినట్టల్లా అవి చెక్క మీద పూలూ, అక్షరాలూ చెక్కుతాయి. సరదా కోసం వీటిని ఇళ్ళలో పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు.

అటువంటి ఒక రౌటరు మీద, 8 మిల్లీమీటర్ల మందం గల చెక్కతో పేరు పలక చేస్తున్నామనుకుందాం. ముందుగా లావుపాటి బిట్టు పలక మీద పూలు చెక్కింది. ఇక సన్నని బిట్టు 2 మిల్లీమీటర్ల లోతున అక్షరాలు చెక్కాలి. పాత బిట్టు తీసి కొత్తది బిగించాం. కాని కొత్త బిట్టు పాతదానికన్నా 7.5 మిల్లీమీటర్లు ఎక్కువగా కిందికి వచ్చింది. యంత్రానికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పాత బిట్టే ఉన్నదనుకుని దిగుతుంది. 2 మిల్లీమీటర్లు దిగవలసిన మొన 9.5 మిల్లీమీటర్లు దిగి, పలకను తొలుచుకుని కింది బల్లలో గుచ్చుకుంటుంది! బిట్టు విరిగి ముక్క ఎగిరినా ఎగురుతుంది. ఈ యంత్రం దగ్గర నిలబడేవారు కళ్ళద్దాలు పెట్టుకునేది ఇందుకే.

పెద్ద కార్ఖానాలలో బిట్లు మార్చటానికి యంత్రాలకే ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. "ఎం6" అన్న ఆజ్ఞ రాగానే అవే మార్చుకుంటాయి. చిన్న రౌటర్లకు ఆ భాగ్యం లేదు. వాటిలో చాలావాటిని నడిపే "గెర్బిల్" అనే ప్రోగ్రాము 2009లో పుట్టింది. దానికి ఎం6 అంటే ఏమిటో అసలు తెలియనే తెలియదు! అందుచేత బిట్టు మార్చవలసినప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్న క్రమాన్ని యజమాని తన యంత్రానికి తగినట్టు రాసి కంప్యూటరులో పెట్టుకుంటాడు. ఎం6 రాగానే కంప్యూటరు ఆ క్రమాన్ని నడుపుతుంది.

ఆ క్రమం ఇలా ఉంటుంది. మొదట బిట్టు నిటారుగా పైకి లేవాలి. లేవకుండా పక్కకు జరిగితే చెక్కను పట్టి ఉంచిన బిగింపులకు కొట్టుకుంటుంది. తరవాత తిరిగే మోటారు ఆగాలి. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. కొన్ని రౌటర్లలో మోటారుకు చేతి స్విచ్చి తప్ప మరేమీ ఉండదు; కంప్యూటరు ఆగమన్నా అది ఆగదు. అటువంటి యంత్రం గలవారు, "స్విచ్చి ఆపి, ప్లగ్గు తియ్యండి" అన్న మాటలు తెర మీద కనిపించేటట్టు రాసుకోవాలి. లేకపోతే వేళ్ళకే ముప్పు!

తరవాత బిట్టు బల్ల ముందు భాగానికి, మన చేతికి అందేచోటికి వచ్చి ఆగుతుంది. మనిషి రెండు స్పానర్లతో పాత బిట్టు విప్పి కొత్తది బిగించి, "అయింది" అని కంప్యూటరుకు తెలుపుతాడు.

ఇక మిగిలింది కొలత. బల్ల మూల బొత్తం వంటి స్విచ్చి ఒకటి బిగించి ఉంటుంది. బిట్టు మెల్లిగా దాని మీదికి దిగుతుంది. తాకగానే యంత్రం ఆగి, ఎంత దూరం దిగిందో గుర్తు పెట్టుకుంటుంది. పాత బిట్టు 62 మిల్లీమీటర్లు దిగి బొత్తాన్ని తాకిందనుకోండి. కొత్తది 54.5 మిల్లీమీటర్లకే తాకింది. అంటే కొత్తది 7.5 మిల్లీమీటర్లు పొడుగన్న మాట! అక్కడినుంచి యంత్రం అంత మేరకు తక్కువ దిగుతుంది. అక్షరాలు సరిగా 2 మిల్లీమీటర్ల లోతునే పడతాయి.

క్రమం కొత్తగా రాసినవారు దాన్ని వెంటనే మంచి చెక్క మీద ప్రయోగించరు. బల్ల మీద ఏమీ పెట్టకుండా, మోటారు తిప్పకుండా, ఒకసారి ఉత్తగా నడిపి చూస్తారు.

ఇప్పుడు మీకొక లెక్క. 62 మిల్లీమీటర్లకు తాకిన బిట్టు తీసేసి, 65 మిల్లీమీటర్లు దిగితే గాని బొత్తాన్ని తాకని బిట్టు పెట్టాం. కాని కొలవటం మరిచాం. 2 మిల్లీమీటర్ల లోతు చెక్కమంటే ఏమవుతుంది?

జవాబు: ఈ బిట్టు 3 మిల్లీమీటర్లు పొట్టి. కనక మొన చెక్కకు 1 మిల్లీమీటరు పైనే ఆగిపోతుంది. యంత్రం గాలిలో అక్షరాలు రాసి, పని అయిపోయిందనుకుంటుంది!