అడ్వాన్సుకు ముందు ఎంతవరకు చెప్పాలి?

"ఊరికే ఒక్కసారి వచ్చి చూసి నాలుగు ముక్కలు చెప్పండి సార్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం." గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల యజమానుల నుంచి నేను తరచూ వినే మాట ఇది. నా పని ఎనర్జీ ఆడిట్. ఏ కంపెనీలోనూ ఉద్యోగిని కాను, సొంతంగా చేస్తాను. కరెంటు ఎక్కడ వృథాగా పోతోందో కొలిచి, ఏం మారిస్తే ఎంత మిగులుతుందో, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో లెక్కగట్టి ఇస్తాను. ఆ లెక్కే నా సరుకు. అందుకే ఆ "నాలుగు ముక్కలు" ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నాకు స్పష్టంగా తెలియాలి. ఇంటీరియర్ డిజైనర్లకైనా, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకైనా, జీఎస్టీ సలహాదారులకైనా ఇదే చిక్కు. అసలేమీ చెప్పకపోతే పని తెలుసో లేదో అని అవతలివాళ్లకు అనుమానం. అంతా చెప్పేస్తే ఇక మనతో పనేముంది?

నేను పెట్టుకున్న గీత ఇది: కంటికి కనిపించేది చెప్తాను, కొలిస్తేగానీ తెలియనిది ఒప్పందం అయ్యాకే.

మొదటిసారి వెళ్లినప్పుడు కంటికే చాలా కనిపిస్తుంది. కండెన్సర్ పైపుల మీద ఉప్పునీటి పొలుసు గట్టిపడి ఉంటుంది. చాంబర్ తలుపు రబ్బరు చిరిగి చల్లగాలి బయటికి పోతుంటుంది. లోపలి కాయిల్స్ మీద మంచు మందంగా పేరుకుని ఉంటుంది. ఇవన్నీ కారణాలతో సహా విడమరచి చెప్తాను. పొలుసు ఉంటే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువ ఒత్తిడి మీద తిరగాల్సి వస్తుంది. చల్లదనానికి వాడే అమ్మోనియా లోపలి కాయిల్స్‌లో ఆవిరయ్యే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచగలిగినా కంప్రెసర్ వాడే కరెంటులో సుమారు మూడు శాతం ఆదా అవుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు, ఈ సూత్రాలు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పరీక్ష పుస్తకాల్లోనే ఉన్నాయి. పుస్తకంలో దొరికే సంగతిని దాచిపెట్టి ఫీజు అడగడం నాకు నచ్చదు. పైగా అది విన్నాకే యజమాని నా వైపు తిరిగి కూర్చుంటాడు, నమ్మకం అక్కడే పుడుతుంది.

ఇక కొలిస్తేగానీ తెలియనిది. దీన్ని ముందే చెప్పకపోవడానికి నా ఫీజు ఒక్కటే కారణం కాదు. అరకొరగా చెబితే అవతలివాళ్లకే నష్టం. కరెంటు బిల్లులో డిమాండ్ సంగతే తీసుకోండి. హెచ్.టి. (హై టెన్షన్) కనెక్షన్‌కు ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్ మీదగానీ, డిస్కంతో (కరెంటు పంపిణీ సంస్థతో) కుదుర్చుకున్న ఒప్పందపు డిమాండ్‌లో 80 శాతం మీదగానీ, ఏది ఎక్కువైతే దాని మీద ఛార్జీ పడుతుంది. ఒక స్టోరేజీకి 300 కేవీఏ ఒప్పందం ఉందనుకుందాం. డిసెంబరు బిల్లు చూస్తే వాడింది 120 మాత్రమే, కట్టింది 240కి. ఆ ఒక్క బిల్లు చేతిలో పెట్టుకుని, "ఒప్పందాన్ని 150కి తగ్గించుకోండి" అని టీ తాగుతూ చెప్పేయవచ్చు. యజమాని సంబరపడి తగ్గించుకుంటాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండలో ఆరిన మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీలకు లారీలు దిగుతాయి. ఆ వేడి సరుకును ఐదారు డిగ్రీలకు దించాలంటే కంప్రెసర్లన్నీ ఒకేసారి నడవాలి. డిమాండ్ 280కి పోతుంది. ఒప్పందం దాటిన ప్రతి కేవీఏకీ ఎక్కువ రేటు పడుతుంది. మళ్లీ పెంచుకోవాలంటే డిస్కంకు దరఖాస్తు, దానికి డబ్బు, ఎదురుచూపు. డిసెంబరులో ఇచ్చిన ఉచిత సలహాకు ఏప్రిల్‌లో ఇంత మూల్యం చెల్లించాలి. ఏడాది బిల్లులన్నీ పరిచి, సరుకు దిగే రోజుల్లో మీటర్లు బిగించి చూడకుండా ఆ అంకె చెప్పకూడదు. అలా చూడటమే నా పని, దానికే ఫీజు.

ప్రాణానికి సంబంధించినదైతే గీత, ఫీజు అన్నవేవీ లేవు. అమ్మోనియా వాసన వచ్చినా, సేఫ్టీ వాల్వు పనిచేయడం లేదని అనుమానం కలిగినా, అక్కడికక్కడే చెప్పి, పనివాళ్లను బయటికి పంపమంటాను. ఆ యజమాని మళ్లీ ఫోన్ చేయకపోయినా సరే.

"పక్క స్టోరేజీలో టిక్కీకి కరెంటు ఖర్చు ఎంతొస్తోంది సార్?" అని చాలామంది అడుగుతారు. అది చెప్పను. పాత రిపోర్టు చూపించాల్సి వస్తే పేరు, ఊరు, సామర్థ్యం తీసేసి, నేను లెక్క కట్టే తీరు మాత్రం అర్థమయ్యేలా చూపిస్తాను.

ముందే అంతా చెప్పేస్తే చట్టం కాపాడుతుందా అని కుర్ర కన్సల్టెంట్లు అడుగుతుంటారు. కొంతవరకే. ఉత్త ఆలోచన మీద కాపీరైటు ఉండదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక నాటకానికీ ఒక సినిమాకూ మధ్య తగాదా అది. మన రిపోర్టులోని రాత, గీసిన డ్రాయింగు మనవే. "కండెన్సర్ మార్చండి" అన్న మాట మాత్రం అందరిదీ. అయితే నమ్మకంతో అప్పగించినదాన్ని వాడుకోవడం వేరే సంగతి. సన్‌డయల్ అనే సంస్థ ఒక సీరియల్ ఆలోచనను వివరంగా రాసి జీ టీవీకి చెప్పింది. తర్వాత ఆ ఛానల్ అలాంటి సీరియలే తీసిందన్న కేసులో, 2003లో బాంబే హైకోర్టు సన్‌డయల్ పక్షాన నిలిచింది. ఆలోచనను వివరంగా కాగితం మీద పెట్టి, గోప్యంగా అప్పగించడం అక్కడ కలిసొచ్చింది. ఇంకొకటి, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షను. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరి కోసం న్యాయంగా చేసిన పనితో వాళ్లు లాభపడితే, వాళ్లు దానికి పరిహారం ఇవ్వాలి. ఆ ఉద్దేశం లేదని చూపించడానికి కాగితం కావాలి.

అందుకే మొదటిసారి చూసొచ్చిన రోజు సాయంత్రమే ఒక మెయిల్ పంపుతాను. ఇవాళ చూసినవి ఇవి, ఉచితంగా చెప్పినవి ఇవి. ఎంత కెపాసిటర్ పెట్టాలి, ఒప్పందపు డిమాండ్ ఎంత ఉండాలి, ఏ మోటారు మార్చాలి అన్నవి కొలతల తర్వాత రిపోర్టులో వస్తాయి, దాని ఫీజు ఇంత, అడ్వాన్సు ఇంత. దూరం ఊరైతే మొదటి రాకకే చిన్న రుసుము అడిగి, పని కుదిరితే బిల్లులో తగ్గిస్తాను. ఈ మెయిళ్లు జనవరిలోనే వెళ్లిపోవాలి. నా దగ్గరున్న మీటర్లు కొన్నే, సరుకు దిగే రోజులూ కొన్నే. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఎవరి అడ్వాన్సు అందితే ఆ సీజనుకు వాళ్ల ప్యానెల్ బోర్డుకే బిగిస్తాను.